తెల్ల కవచం దేనితో చేసుకోవాలి? ఇంట్లో స్టార్మ్‌ట్రూపర్ వేషానికి సామగ్రి పోలిక

స్టార్ వార్స్ మొదటి చిత్రం 1977 మే 25న అమెరికాలో విడుదలైంది. అందులో సామ్రాజ్య సైనికులైన స్టార్మ్‌ట్రూపర్లు తొడుక్కున్న తెల్ల కవచాన్ని సొంత చేతులతో చేసుకోవాలన్న కోరిక, దాదాపు యాభై ఏళ్లు కావస్తున్నా, ఆ చిత్రాన్ని ఇష్టపడేవారిలో ఇంకా తగ్గలేదు. హైదరాబాద్‌లో 2013లో కామిక్ కాన్ అనే కామిక్స్, సినిమా అభిమానుల వేడుక మొదలైనప్పటి నుంచి మన దగ్గర కూడా ఇలాంటి వేషాలు కట్టేవారు కనిపిస్తున్నారు. వారిలో కొత్తగా మొదలుపెట్టేవారందరూ నన్ను అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: దేనితో చేయాలి? అట్టతోనా, ఫోముతోనా, సన్‌బోర్డుతోనా, త్రీడీ ప్రింటరుతోనా, లేక విదేశాల నుంచి ప్లాస్టిక్ కిట్టు తెప్పించుకోవాలా? ఈ వ్యాసంలో ఆ అయిదింటినీ ఒకే వేషానికి అన్వయించి పోల్చి, ఎవరికి ఏది తగునో చెప్పడానికి ప్రయత్నిస్తాను.

ముందుగా అసలు కవచం ఎలా తయారైందో తెలుసుకుంటే మన భయం సగం తగ్గుతుంది. రాల్ఫ్ మెక్వారీ గీసిన ఊహాచిత్రాల ఆధారంగా ఇంగ్లండ్‌లో మట్టితో నమూనాలు మలిచి, వాటి నుంచి అచ్చులు తీసి, వేడి చేసిన ప్లాస్టిక్ రేకును ఆ అచ్చులపై పరిచి, కింద నుంచి గాలిని లాగేసి ఆకారం తెప్పించారు. ఈ పద్ధతినే వ్యాక్యూమ్ ఫార్మింగ్ అంటారు. ఆ చిత్రానికి దుస్తుల రూపకల్పన చేసిన జాన్ మోలోకు ఆస్కార్ వచ్చింది. అయితే ఆ కవచం కెమెరా ముందు కొన్ని నిమిషాలు నిలబడడానికి చేసినదే తప్ప, రోజంతా తొడుక్కుని తిరగడానికి చేసినది కాదు. శిరస్త్రాణంలోంచి సరిగా కనిపించక ఒక సైనికుడు తలుపు పైభాగానికి తల కొట్టుకోవడం ఆ చిత్రంలో అలాగే ఉండిపోయింది. కాబట్టి వెండితెర మీది వేషం ఏ పదార్థంతో చేశారో మనమూ అదే పదార్థం వాడాలన్న నియమం ఏదీ లేదు. చూసేవారి కంటికి ఆకారం, నునుపు, తెలుపు సరిపోతే చాలు. తొడుక్కునేవారి ఒంటికి మాత్రం బరువు, వేడి, కదలిక సరిపోవాలి. నా సలహా అంతా ఈ రెండో మాట మీదే ఆధారపడి ఉంటుంది.

బరువు సంగతి అంకెల్లో చూద్దాం. ఒక చదరపు మీటరు వైశాల్యమున్న 5 మిల్లీమీటర్ల ఈవీఏ ఫోము షీటు, ఘనపు మీటరుకు 100 కిలోల సాంద్రత ఉన్న రకమైతే, సుమారు అర కిలో తూగుతుంది. అంతే వైశాల్యమున్న 2 మిల్లీమీటర్ల ఏబీఎస్ ప్లాస్టిక్ రేకు రెండు కిలోల పైచిలుకు ఉంటుంది. 5 మిల్లీమీటర్ల పీవీసీ సన్‌బోర్డు రెండున్నర నుంచి మూడు కిలోలు ఉంటుంది. త్రీడీ ప్రింటరుపై పీఎల్‌ఏ అనే ప్లాస్టిక్‌తో 3 మిల్లీమీటర్ల మందాన లోపల ఖాళీ లేకుండా ముద్రిస్తే మూడున్నర కిలోలు దాటుతుంది. ఒక ముక్కను చేత్తో పట్టుకున్నప్పుడు ఈ తేడా పెద్దదిగా అనిపించదు. కానీ ఛాతీ, వీపు, పొట్ట, భుజాలు, ముంజేతులు, తొడలు, పిక్కలు అన్నీ తొడుక్కుని నాలుగు గంటలు నిలబడినప్పుడు ప్రతి కిలో లెక్కకు వస్తుంది. ఈ విషయం మన వేషధారులకు కొత్తేమీ కాదు. వీధి నాటకాల్లో, యక్షగానాల్లో రాత్రంతా ఆడి పాడవలసిన కళాకారులు కిరీటాన్నీ భుజకీర్తులనూ తేలిక కర్రతో చెక్కించుకుని, పైన రంగు కాగితాలూ అద్దాలూ అతికించుకున్నారే గాని లోహంతో చేయించుకోలేదు. దూరం నుంచి చూసేవారికి అది బంగారంలాగే మెరిసింది.

ఇక ఒక్కొక్క పదార్థం సంగతికి వద్దాం. అట్టను చాలామంది చిన్నచూపు చూస్తారు గాని, ఈ పనిలో అట్ట లేకుండా ఎవరూ ముందుకు వెళ్లకూడదని నా గట్టి అభిప్రాయం. ఫ్రిజ్‌, వాషింగ్ మెషీన్ వచ్చిన అట్టపెట్టెలు ఇంట్లో ఉంటే ఖర్చే లేదు. అట్ట లోపలి గాడులు ఏ దిశలో ఉన్నాయో చూసి, ఆ గాడుల వెంబడే వంచితే చక్కగా గుండ్రంగా తిరుగుతుంది. అడ్డంగా వంచితే విరిగి మడత పడుతుంది. పైన కాగితాలు అతికించి, నీళ్లు కలిపిన ఫెవికాల్ రెండు మూడు పూతలు వేసి, ఆరిన తరువాత రంగు వేస్తే బడిలో ఒక పూట జరిగే విచిత్ర వేషధారణ పోటీకి నిక్షేపంగా సరిపోతుంది. అయితే చెమట తగిలిన చోట, వాన తుంపర పడిన చోట అట్ట మెత్తబడుతుంది, మూలలు చితికిపోతాయి. పెద్దవాళ్లు రెండోసారి తొడుక్కోవాలనుకునే వేషానికి అట్ట చాలదు. దాని అసలైన స్థానం నమూనా తీయడంలో ఉంది. ఖరీదైన షీటు మీద కత్తి పెట్టే ముందు ప్రతి ముక్కనూ అట్టతో కత్తిరించి, ఒంటికి తొడిగి, కూర్చుని, చేతులు పైకెత్తి చూసుకుంటే తరువాత వృథా అయ్యే సామగ్రి ఎంతో మిగులుతుంది.

తెల్లగా, తేలికగా ఉంటుంది కదా అని కొందరు థర్మోకోల్ వైపు చూస్తారు. ఒంటి మీద తొడుక్కునే వేషానికి నేను దాన్ని ఎంతమాత్రం సిఫారసు చేయను. స్ప్రే రంగుల్లోనూ, చెప్పులు కుట్టేవారు సొల్యూషన్ అని పిలిచే జిగురులోనూ ఉండే ద్రావకాలు థర్మోకోల్‌ను చూస్తూ ఉండగానే కరిగించేస్తాయి. పైగా అది నిప్పు తగిలితే వేగంగా మండి, కరిగి చర్మానికి అంటుకుంటుంది. దీపాలూ కొవ్వొత్తులూ ఉండే వేదిక మీద పిల్లలకు అలాంటిది తొడగడం ప్రమాదకరం.

ఈవీఏ ఫోము దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే ఎక్కువమందికి చివరికి తగేది ఇదే. ఈవీఏ అంటే ఇథిలీన్ వినైల్ ఎసిటేట్; మనం రోజూ తొడుక్కునే తేలిక చెప్పుల అడుగు భాగాలు, పిల్లల గదుల్లో ఒకదానికొకటి తగిలించి పరిచే రంగు రంగుల చాపలు, వ్యాయామశాలల్లో వేసే మెత్తటి పలకలు చాలావరకు దీనితోనే తయారవుతాయి. అందువల్ల ప్రత్యేకమైన కాస్‌ప్లే (పాత్రల వేషాలు కట్టే సరదా) దుకాణం లేని ఊళ్లో కూడా చెప్పుల ముడిసరుకు, రెగ్జిన్ అమ్మే దుకాణాల్లో అడిగితే షీట్ల రూపంలో దొరికే అవకాశం ఉంది. కొనేటప్పుడు వేలితో గట్టిగా నొక్కి చూడండి. గుంట వెంటనే పూడిపోతే మంచి సాంద్రత ఉన్నట్టు. అలాగే నిలిచిపోతే ఆ షీటు కవచానికి పనికిరాదు. ఛాతీ, వీపు, తొడలకు 5 లేదా 6 మిల్లీమీటర్లు, శిరస్త్రాణం పునాదికీ భుజాల మీది గుండ్రటి భాగాలకూ 8 నుంచి 10 మిల్లీమీటర్లు, అంచుల మీది సన్నటి పట్టీలకు 2 మిల్లీమీటర్లు సరిపోతాయి. పెద్దవారి పూర్తి కవచానికి ముక్కల వృథాతో కలిపి రెండున్నర నుంచి మూడు చదరపు మీటర్లు తీసుకోవడం మంచిది.

ఫోము గొప్పతనం అది వేడికి లొంగే తీరులో ఉంది. వేడి గాలి ఊదే హీట్ గన్‌తో షీటును రెండు వైపులా కదుపుతూ వేడి చేసి, తొడ మీదో, కుండ మీదో, వాలీబాల్ మీదో నొక్కి పట్టుకుంటే చల్లారాక ఆ వంపు అలాగే నిలిచిపోతుంది. అదే వేడికి పైపొర బిగుసుకుని నునుపుగా మారి, రంగును తాగేయకుండా ఉంటుంది. అతకడానికి మామూలు తెల్ల ఫెవికాల్ చాలదు. ఫెవికాల్ ఎస్‌ఆర్ రకం వంటి సింథటిక్ రబ్బరు జిగురు కావాలి. రెండు అంచులకూ పలుచగా రాసి, పది పదిహేను నిమిషాలు ఆగి, వేలికి అంటుకోనంతగా ఆరిన తరువాత ఒక్కసారిగా నొక్కాలి. ఒకసారి అంటుకుంటే మళ్లీ సర్దుకోవడం కుదరదు కాబట్టి అంచు మొదట్లోనే గురి సరిగా చూసుకోవాలి. కొత్తవారి పనిలో అతుకులు విడిపోవడానికి చాలావరకు కారణం జిగురు మంచిది కాకపోవడం కాదు, ఆరకముందే అతికించడం. ఈ జిగురు ఆవిరి తలనొప్పి తెప్పిస్తుంది, దానికి నిప్పు సులువుగా అంటుకుంటుంది; అందుచేత డాబా మీదో, వరండాలోనో, వంటగదికి దూరంగా పని చేయాలి. ఫోమును ఎమెరీ పేపరుతో గానీ చిన్న గ్రైండరుతో గానీ రుద్దేటప్పుడు ముక్కుకు మాస్కు తప్పనిసరి.

ఫోముకు లోటు కూడా ఉంది, దాన్ని దాచకూడదు. స్టార్మ్‌ట్రూపర్ కవచం అందమంతా దాని గాజులాంటి నునుపులో ఉంది. తుప్పు పట్టిన, సొట్టలు పడ్డ యోధుడి కవచమైతే ఫోము గరుకుదనం వేషానికే కలిసి వస్తుంది గాని, ఈ తెల్ల కవచంలో ప్రతి అతుకూ, ప్రతి గాటూ నీడలా కనిపిస్తుంది. దాన్ని పూడ్చడానికి అతుకుల్లో అక్రిలిక్ సీలెంటు నింపి, తడి వేలితో సరిచేసి, ఆ పైన తెల్ల ఫెవికాల్‌లో నీళ్లు కలిపి నాలుగైదు పూతలు వేసి, పూతకూ పూతకూ మధ్య పూర్తిగా ఆరనివ్వాలి. ఇందులో కష్టం కంటే ఓపిక ఎక్కువ కావాలి. ఎనిమిది అడుగుల దూరం నుంచి చూస్తే ప్లాస్టిక్ అనే అనుకుంటారు. చేయి వేస్తే తెలిసిపోతుంది. నాకు ఆ దూరం చాలు.

సన్‌బోర్డు విషయంలో ఒక జాగ్రత్త అవసరం. మన ఊళ్లలో ఫ్లెక్సీలు, బోర్డులు చేసే దుకాణాల్లో ఈ పేరుతో రెండు వేర్వేరు వస్తువులు అమ్ముతారు. ఒకటి మొత్తంగా పీవీసీతో చేసిన గట్టి పలక, రెండోది కాగితాల మధ్య మెత్తటి థర్మోకోల్ వంటి పదార్థం ఉన్న పలక. రెండోది వద్దు. మొదటిది బల్లపరుపుగా, మూలలు పదునుగా ఉండే భాగాలకు బాగుంటుంది: నడుము పట్టీ మీది పెట్టెలు, ఎడమ మోకాలి మీది పలక, చేతిలో పట్టుకునే తుపాకీ నమూనా, అదే చిత్రంలో కనిపించే ఎడారి సైనికుడి వీపు సంచి వంటివి. ఒంటి వంపులకు మాత్రం అది సరిపోదు. వంచడానికి మరీ ఎక్కువ వేడి చేస్తే పీవీసీ నుంచి గొంతు మండించే ఆమ్లపు పొగ వస్తుంది కనుక, ఇంట్లో దీన్ని కోయడానికే పరిమితం కావాలి.

త్రీడీ ముద్రణ ఇప్పుడు అందరి నోటా వినిపిస్తోంది, కారణం లేకపోలేదు. కుడి ఎడమలు అచ్చు గుద్దినట్టు ఒకేలా వస్తాయి, శిరస్త్రాణం మీది గొట్టాలూ గాట్లూ చేత్తో కోయలేనంత స్పష్టంగా ఉంటాయి. కానీ ప్రింటరు పని ముగించిన చోట మన పని మొదలవుతుందన్న సంగతి చాలామందికి ముందుగా తెలియదు. ఇళ్లలో సామాన్యంగా ఉండే ప్రింటరు పీఠం 220 మిల్లీమీటర్ల చదరం. శిరస్త్రాణం అంతకంటే పెద్దది కాబట్టి ముక్కలుగా ముద్రించి అతకాలి. దానికే యంత్రం రోజుల తరబడి ఆడుతుంది. ఆ తరువాత పొరల గీతలు పోవడానికి 120, 220, 400 నంబరు ఎమెరీ పేపర్లతో వరుసగా రుద్ది, కార్లకు పెయింటింగ్ చేసే షెడ్లలో వాడే పుట్టీ, ప్రైమరు పట్టించి, మళ్లీ నీటితో రుద్దాలి. ఒక్క శిరస్త్రాణానికి ఈ శ్రమ బాగానే ఉంటుంది. ఒళ్లంతా ఇలాగే చేయాలనుకుంటే మొదటి పిక్క దగ్గరే విసుగు పుడుతుంది.

ఇందులో మన వాతావరణానికి సంబంధించిన చిక్కు ఒకటి ఉంది. ఎక్కువగా వాడే పీఎల్‌ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర మెత్తబడుతుంది. ఎండలో మూసి నిలిపిన కారు లోపలి డ్యాష్‌బోర్డు ఆ వేడిని సులభంగా దాటుతుంది. నేను మొదటిసారి చేసిన పీఎల్‌ఏ శిరస్త్రాణాన్ని ఒక మే నెల మధ్యాహ్నం కారు వెనక సీటులో రెండు గంటలు వదిలి వచ్చేసరికి చెంపల భాగం లోపలికి వాలిపోయి ఉంది. మూడు వారాల పని అది, మళ్లీ నిలబెట్టలేకపోయాను. అప్పటి నుంచి ఒంటి మీదకు వచ్చేది ఏదైనా పీఈటీజీ అనే మరో ప్లాస్టిక్‌తో ముద్రించుకుంటున్నాను. అది 80 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. ఏబీఎస్ 100 డిగ్రీలు దాటినా నిలుస్తుంది గాని, ముద్రించేటప్పుడు మూలలు లేచిపోకుండా మూసిన పెట్టె ఉన్న ప్రింటరు కావాలి, గదిలో గాలి ఆడాలి. బయట డబ్బు ఇచ్చి ముద్రింపించుకునేవారు ఏ ప్లాస్టిక్ వాడుతున్నారో ముందే అడిగి తెలుసుకోవాలి, ఎందుకంటే మనం చెప్పకపోతే సాధారణంగా పీఎల్‌ఏతోనే చేసి ఇస్తారు.

అసలు చిత్రంలో లాగే ఏబీఎస్ రేకుతో పోసిన కిట్లు అమెరికాలోనూ ఇంగ్లండ్‌లోనూ దొరుకుతాయి. అసలు శిరస్త్రాణాలను పోసిన ఆండ్రూ ఎయిన్స్‌వర్త్ తరువాతి కాలంలో వాటి నకళ్లను అమ్మితే లూకాస్‌ఫిల్మ్ సంస్థ ఆయన మీద దావా వేసింది. 2011లో బ్రిటన్ సుప్రీంకోర్టు ఆ శిరస్త్రాణం కాపీహక్కు చట్టం దృష్టిలో శిల్పం కిందికి రాదని తేల్చింది. తెరమీది రూపానికి అతి దగ్గరగా వచ్చేది ఈ కిట్టే, అందులో సందేహం లేదు. 1997లో మొదలైన 501వ లీజియన్ వంటి అంతర్జాతీయ అభిమాన బృందాల్లో చేరడానికి ప్రతి ముక్కనూ నిశితంగా పరిశీలించి అనుమతిస్తారు కాబట్టి, ఆ ఉద్దేశం ఉన్నవారికి ఇది సరైన దారి. డల్లాస్‌లోనో, లండన్‌లోనో ఉన్న తెలుగువారికి కిట్టు తెప్పించుకోవడం తేలిక. లండన్ చల్లదనంలో అయితే తొడుక్కోవడమూ తేలికే. ఇక్కడికి తెప్పించుకుంటే పెద్ద పెట్టె రవాణా ఖర్చూ, కస్టమ్స్ సుంకమూ కలిసి కిట్టు ధరతో పోటీ పడతాయి. పైగా కిట్టు అంటే వెంటనే తొడుక్కునే వేషం కాదు. అంచులు మన ఒంటి కొలతకు కోసుకోవాలి, లోపల పట్టీలు అతికించుకోవాలి, సన్నగా ఉన్నవారు తొడలూ పిక్కలూ బాగా కుదించుకోవాలి. ఒక్కసారి తప్పు కోస్తే ఆ ముక్కను తిరిగి తెప్పించుకోవడం కష్టం.

ఫైబర్‌గ్లాస్ గురించి ఒక్క మాట. విగ్రహాలు, సినిమా సెట్ల సామగ్రి చేసే పనివారి దగ్గర శిరస్త్రాణం వరకు పోయించుకోవచ్చు, గట్టిగా ఉంటుంది. రెసిన్ ఘాటు, దురద పుట్టించే నార దుమ్ము ఉన్న ఆ పనిని అనుభవం లేకుండా ఇంట్లో పెట్టుకోవద్దు.

ఏ పదార్థంతో చేసినా శిరస్త్రాణం లోపలి ఏర్పాటుకు ప్రత్యేకంగా శ్రద్ధ చూపాలి. కళ్ల దగ్గర ముదురు ఆకుపచ్చ పారదర్శక అక్రిలిక్ పలక పెడితే బయటివారికి ముఖం కనిపించదు, మనకు దారి కనిపిస్తుంది. ఊపిరి ఆవిరితో పలక మసకబారకుండా నోటి దగ్గర 5 వోల్టుల చిన్న కంప్యూటరు ఫ్యాను అమర్చి, జేబులోని పవర్ బ్యాంకుకు కలుపుకుంటే లోపలి గాలి బయటికి పోతుంది. ఇది అలంకారం కాదు, అవసరం. తలకు నాలుగు వైపులా మెత్తటి ఫోము దిండ్లు పెడితే శిరస్త్రాణం తలతో పాటు తిరుగుతుంది. లేకపోతే తల ఒక వైపు, అది మరో వైపు చూస్తాయి.

లోపలి నల్ల దుస్తుల ఎంపికను అందరూ ఆఖరుకు వదిలేస్తారు. పాలిస్టర్ బిగుతుగా, ముడతలు లేకుండా ఉండి ఫొటోలో బాగుంటుంది. నూలు దుస్తులు చెమట పీలుస్తాయి గాని మోచేతుల దగ్గర ముడత పడతాయి. మన వేసవిలో నూలు మేలు; డిసెంబరు, జనవరి నెలల్లో ఏసీ హాలులో అయితే లైక్రా కలిసిన బట్ట మేలు. ఏదైనా సరే, మెడ నుంచి కాలి దాకా ఒకే ముక్కగా కుట్టించుకోవద్దు. చొక్కా, ప్యాంటు వేరుగా ఉంటే బాత్‌రూముకు వెళ్లాలన్నప్పుడు కవచమంతా విప్పవలసిన అవస్థ తప్పుతుంది. ముక్కలను కలపడానికి అంగుళం, రెండంగుళాల వెడల్పు ఎలాస్టిక్, టిచ్ బటన్లు, బ్యాగు క్లిప్పులు వాడాలి. వెల్‌క్రో త్వరగా కుదురుతుంది గాని, కూర్చుని లేచినప్పుడల్లా విడిపోతుంది. నడుము దగ్గర దాన్ని నమ్ముకోవద్దు. భుజకీర్తుల బరువు మెడ పట్టీ మీద పడాలి గాని చేతుల మీద పడకూడదు.

రంగు విషయంలో ఒకటే సూత్రం: వంగే వస్తువుకు వంగే రంగు. ఫోము మీద కార్లకు వేసే గట్టి లక్కరు రంగు వేస్తే మొదటి వంపుకే పగుళ్లు తేలతాయి. అక్రిలిక్ రంగు పలుచటి పూతలుగా వేయాలి. గట్టిగా ఉండే త్రీడీ శిరస్త్రాణానికి మాత్రం కారు రంగే అందం. పక్కపక్కన ఉన్నప్పుడు రెండు తెలుపులూ వేర్వేరుగా కనిపించకుండా, రెండింటికీ ఒకే రకం మెరుపు పూత చివరగా వేయాలి.

ఇక ఎంపిక. పిల్లల బడి పోటీకి అట్ట, ఒక పాత నల్ల టీషర్టు చాలు; అంతకంటే ఖర్చు పెట్టడం అనవసరం. కళాశాల విద్యార్థి, మొదటిసారి పెద్ద వేషం కడుతున్న ఉద్యోగి, రోజంతా తిరగాలనుకునేవారు అట్ట నమూనాతో మొదలుపెట్టి ఒంటికి ఫోము, నడుము పెట్టెలకు సన్‌బోర్డు, తలకు పీఈటీజీ శిరస్త్రాణం అన్న మిశ్రమాన్ని ఎంచుకోవాలి. ప్రింటరు అందుబాటులో లేకపోతే శిరస్త్రాణాన్ని కూడా ఫోముతోనే చేయవచ్చు, నునుపు కొంచెం తగ్గినా తల హాయిగా ఉంటుంది. తెరమీది రూపానికి వెంట్రుక వాసి తేడా కూడా రాకూడదనుకునేవారు, అంత డబ్బూ ఏడాది ఓపికా ఉన్నవారు ఏబీఎస్ కిట్టు తెప్పించుకోవాలి. మొదటి వేషంగా మాత్రం దాన్ని నేను ఎవరికీ చెప్పను.

తయారైన వేషాన్ని నేరుగా కార్యక్రమానికి తీసుకెళ్లకండి. వారం ముందే ఇంట్లో పూర్తిగా తొడుక్కుని గంటసేపు ఉండండి. మెట్లు ఎక్కి దిగండి, కుర్చీలో కూర్చోండి, స్ట్రాతో నీళ్లు తాగి చూడండి, శిరస్త్రాణాన్ని ఎవరి సాయమూ లేకుండా ఒక్క చేత్తో తీయగలరేమో పరీక్షించండి. చర్మం ఒరుసుకున్న చోట సుద్దతో గుర్తు పెట్టి, ఆ అంచును లోపలి వైపు గుండ్రంగా రుద్ది, 2 మిల్లీమీటర్ల ఫోము పట్టీ అతికించండి. ఆ జిగురు పూర్తిగా గట్టిపడడానికి ఒక రోజు పడుతుంది, అందుకే వారం గడువు అడిగాను.